తాతకు ఈగ కట్టి చూపించింది

“తాతా, నేను ఈగ కట్టాను!” అని మా అమ్మాయి వీడియో కాల్‌లో చెప్తే మా నాన్నకి ఏమీ అర్థం కాలేదు. “ఈగని కట్టడమేటమ్మా? పాపం, కాళ్లు కట్టేశావా?” అన్నారు. ఇంగ్లీషులో ఫ్లై అంటారు కాబట్టి ఇది తెలుగులో ఈగ అంది, దాని తప్పేం లేదు. గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులా భ్రమ పెట్టే ఎర అది. వానపాముని గుచ్చే పని ఉండదు.

మేముండేది పెన్సిల్వేనియాలో, దానికి పదకొండేళ్లు. ఆదివారం తెలుగు క్లాసులో రెండేళ్లు కూర్చోబెట్టాను. గుణింతాల దగ్గరే ఆగిపోయింది. కిందటి చలికాలం ఊళ్లో ఫ్లైలు కట్టడం నేర్పుతున్నారంటే ఇద్దరం చేరాం. మొదటి పాఠం ఊలీ బగ్గర్ అనే ఫ్లై. 1967లో మా రాష్ట్రంలోనే రసెల్ బ్లెసింగ్ అనే ఆయన కట్టాడట.

వైస్ అనే చిన్న బిగింపు పట్టులో గాలం బిగించి కాడంతా దారం చుట్టాలి. వెనక టర్కీ కోడి మెత్తటి ఈకని తోకలా కట్టాలి, పొడవు గాలం కాడంత. ఆపైన షెనీల్ అనే నూగు దారం ఒళ్లంతా చుట్టి, దాని మీద పుంజు ఈకని మెలికలుగా తిప్పుకుంటూ ముందుకు తేవాలి. చివర ముడి. చెప్తే ఇంతే. నేను కట్టిన మొదటి నాలుగింటికీ గాలం కన్ను మూసుకుపోయింది, దారం ఎక్కించడానికి సందే లేదు. కన్ను దగ్గర మొదటి నుంచీ కాస్త చోటు వదిలిపెట్టాలని నాకంటే ముందు అదే కనిపెట్టింది.

రెండు చేతులూ ఇరుక్కుపోతే నా నోట ఇంగ్లీషు రాదని అక్కడే తెలిసింది. “పట్టుకో, వదలకు, ఇటు తిప్పు, మరీ లాగితే తెగిపోతుంది.” నాలుగు వారాలు తిరిగేసరికి అదీ అదే భాషలో నన్ను కసురుతోంది. “అమ్మా, వదులైంది, మళ్లీ చుట్టు!”

జులైలో పొందూరు దగ్గర మా ఊరు వెళ్లాం. వైస్, గాలాలు పెట్టెలో సర్దుకుంది. ఈకలు అక్కడే దొరుకుతాయిలే అన్నాను. పుంజులకి కరువా మాకు! దారం కోసం పొందూరులో నూలు వడికే ఒకావిడ ఇంటికి తీసుకెళ్లాను. ఆవిడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతున్నారు. సన్నటి పళ్ల దువ్వెనలా ఉంటుందది. మా అమ్మాయి దాన్ని చేతిలోంచి దించితేగా!

తెచ్చిన నూలు మూడో చుట్టుకే పుటుక్కుమంది. నాన్న చూస్తూ ఊరుకోలేకపోయారు. “ఒంటిపోగు ఆగదమ్మా, పురి ఎక్కించాలి.” లుంగీ పైకి లాక్కుని, రెండు పోగులు కలిపి తొడ మీద పెట్టి, అరచేత్తో ముందుకి ఒక్క తోపు తోశారు. పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని బిర్రుగా నిలబడ్డాయి. అది తొడ ఎర్రబడేదాకా అదే పని చేసింది. ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ “పురి ఎక్కించాలి” అని పాఠం చెప్పింది.

మర్నాడు చెరువుకి బయల్దేరే ముందు గాలం ఎదురుముల్లుని పటకారుతో నొక్కేసింది.

“అదేటి, అలాగైతే సేప జారిపోదా?”

“వదిలేటప్పుడు దానికి దెబ్బ తగలకూడదు తాతా.”

నాన్న నా వైపు చూశారు. ఇంట్లో అమ్మ అప్పటికే పులుసుకి చింతపండు నానబెట్టింది.

గంట తర్వాత జానెడు కొరమేను ఒకటి పడింది. చెయ్యి తడుపుకుని, గాలం ఊడదీసి, నీళ్లలోకి వదిలేసింది. “సేపని పలకరించి పంపడానికేనేటి, అంత దూరం నుంచి వచ్చావు?” అన్నారు నాన్న. నాకు నవ్వొచ్చింది కానీ, ఎవరి పక్షాన నవ్వాలో తెలీలేదు. ఆకలికి పట్టిన చేపని వదలమంటే మా ఊళ్లో పిచ్చి అంటారు. సరదాకి పట్టి చంపితే మా అమ్మాయి దృష్టిలో పాపం.

తిరిగొచ్చేటప్పుడు ఆ ఫ్లైని తాతకే ఇచ్చేసింది. నాటు పుంజు ఈకలతో అమెరికాలో దిగితే పక్షుల రోగాలంటూ ఎయిర్‌పోర్టులో టెన్షన్, నేనే వద్దన్నాను.

పోయిన వారం నాన్న నాకు విడిగా ఫోన్ చేశారు. ఆ ఫ్లైకే పెద్ద కొరమేను పడిందట, అమ్మ పులుసు పెట్టిందట. “పిల్లకి సెప్పకు.”

చెప్పలేదు. అది తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం ఇంకా రాదు. ఆ ధైర్యంతోనే ఇక్కడ రాశాను.