కాడలన్నీ కాండాలు కావు

బోటనీ ల్యాబ్ బల్లల మీద మనందరి బ్లేడుకీ మొదట చిక్కింది గడ్డిచామంతి. హైదరాబాద్‌లో ఏ ప్రహరీ గోడ పక్కనైనా దొరుకుతుంది. ద్విదళబీజ (గింజలో రెండు పప్పులుండే మొక్కల) కాండానికి అంతకంటే చవకైన నమూనా లేదు.

అడ్డుకోత, అంటే మైక్రోస్కోప్ కింద చూడటానికి కాడను అడ్డంగా పల్చటి బిళ్లలా కోయడం, మరిచిపోయినవాళ్ల కోసం మరోసారి. కొన నుంచి రెండో, మూడో కణుపుల నడిమి ముక్క కావాలి. మరీ లేతదైతే నలుగుతుంది, ముదిరితే బ్లేడు మొరాయిస్తుంది. ముక్కనూ బ్లేడునూ తడిపి, ముక్కను నిటారుగా పట్టుకుని, బ్లేడును మనవైపు ఒక్క ఊపున లాగాలి. రంపంలా ఆడిస్తే కణాలు చిరుగుతాయి. ముక్క ఒరిగిందా, గుండ్రటి నాళాలు కోలగా సాగి కనిపిస్తాయి. ఇరవై కోస్తే రెండు పనికొస్తాయి. నిండు చక్రం కోసం పట్టుబట్టొద్దు, పల్చటి పావు ముక్క చాలు. మెత్తటి కాడలను బంగాళాదుంప చీలికలో ఇరికించి కోయాలి.

1 శాతం సఫ్రనిన్ అనే ఎర్ర రంగులో 2–3 నిమిషాలు ఉంచి, రంగు దిగడం ఆగేదాకా కడగాలి. కడగకపోతే అంతా ఎరుపే. సరిగ్గా కడిగితే కణాల గోడలను గట్టిపరిచే లిగ్నిన్ ఉన్న దారువు (నీటిని మోసే కణజాలం), దృఢకణజాలం (ఊతమిచ్చేది) ప్రధానంగా ఎర్రగా నిలుస్తాయి. గ్లిజరిన్ చుక్క వేసి, పైన మూసే పల్చటి గాజుబిళ్ల, కవర్‌స్లిప్‌ను సూది ఆసరాతో ఒక అంచు నుంచి వాల్చాలి. దబుక్కున వదిలితే నల్లటి అంచుల గాలిబుడగలు చేరతాయి. వాటినే కణాలనుకుని రికార్డులో బొమ్మ గీసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

గడ్డిచామంతిలో నాళికాపుంజాలు (నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు) వలయంగా కనిపిస్తాయి, మొక్కజొన్నలో చెల్లాచెదురుగా ఉంటాయి. ఇంతవరకు అందరికీ గుర్తే. చిక్కంతా రైతు బజారులో. తోటకూర కాడ కాండమే, పాలకూర కాడా చేమ కాడా పత్రవృంతాలు, అంటే ఆకు కాడలు. తేల్చడానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. మొగ్గ ఎక్కడుందో చూడండి. ఆకు కాడ కాండాన్ని అంటుకున్న మూలలో మొగ్గ ఉంటుంది, పత్రవృంతం మీద కణుపులే ఉండవు. బొప్పాయి ఆకు గొట్టం ఎంత పొడవున్నా వృంతమే.

అరటిది ఇంకో మెలిక. బోదె మాను కాదు, ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగులు. అసలు కాండం భూమిలోని దుంప. గెల వేసే ముందు దాని నుంచి బోదె నడుమగా పైకి లేచేదే మనం కూరొండుకునే దవ్వ. బోటనీలో దవ్వ అంటే కాండం మధ్యనుండే మృదుకణజాలం, అంటే పల్చటి గోడల మెత్తటి కణాల సముదాయం. వంటింటి మాటా పుస్తకం మాటా ఒకటే కావడంతో వైవాలో (మౌఖిక పరీక్షలో) తడబడేది ఇక్కడే.

చెరువుల్లోని గుర్రపుడెక్క ఉబ్బు కూడా పత్రవృంతమే. లోపలంతా గాలి గదులు, అందుకే తేలుతుంది. ఆ గాలి వల్లే దాని కోతలో బుడగలు వదలవు. ముందు కాసేపు స్పిరిట్‌లో ముంచితే పోతాయి.

గుర్రపుడెక్క వేళ్ల దగ్గరి నీటిచుక్కలో వర్టిసెల్లా అనే సూక్ష్మజీవి దొరకొచ్చు. ఒకే కణం, దానికీ ఒక కాడ. స్లయిడ్‌ను గోటితో తడితే ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుపోయి, నింపాదిగా మళ్లీ సాగుతుంది. దానికి మాత్రం సఫ్రనిన్ వేయకండి, చస్తుంది.