పాత గాజూ, మా ఊరి నీళ్ళూ

కోనసీమలో నీళ్ళకేం కరువు అంటారు. పాత గాజు సామాను దాచుకునేవాళ్ళని అడగండి, చెబుతారు. కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళూ పర్వాలేదు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేశాక మా అమలాపురం దిగువన చాలా ఇళ్ళకి బోరు నీళ్ళే గతి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ అవి ఉప్పన. స్టీలు గ్లాసు కడిగి బోర్లిస్తేనే తెల్లటి చారలు కడతాయి. గాజు మీద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నా బీరువాలో గొప్ప సరుకేమీ లేదు. గోళీ సోడా సీసాలు, లాంతరు చిమ్నీలు, అత్తయ్యగారి పుట్టింటి నుంచి వచ్చిన బంగారు అంచు షర్బత్ గ్లాసులు, నగిషీ చెక్కిన బరువైన సీసా ఒకటి. ఆ సీసా యానాం ఫ్రెంచి దొరలదని అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న మాట నిజమే. కానీ ఆ పేరు చెప్పి మా వైపు అమ్మిన గాజంతా నిజంగా అక్కడిదే అయితే, యానాంలో మనుషులకి చోటు మిగిలేది కాదు.

కడిగేటప్పుడు మొదటి నీళ్ళు ఏవైనా ఫర్వాలేదు, ఆఖరి నీళ్ళు మాత్రం మంచివి కావాలి. ప్లాస్టిక్ టబ్బులో అడుగున పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, ఒక్కొక్కటిగా కడుగుతాను. వేడి నీళ్ళు వద్దు. చల్లగా ఉన్న మందపాటి గాజు మీద వేడి నీళ్ళు పడితే ఒక పక్క వ్యాకోచించి, రెండో పక్క అలాగే ఉండి, టప్పున పగులుతుంది. ఆఖర్న టిన్ను నీళ్ళతోనో, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళతోనో ముంచి తీసి, వెంటనే పాత నేత పంచెతో తుడిచేయాలి. వాటంతట అవే ఆరతాయిలే అని వదిలేస్తే, నీరు ఆవిరైపోయి అందులోని ఉప్పూ సున్నమూ గాజు మీదే మిగిలిపోతాయి.

చిమ్నీల మసిని ముందు పొడిగుడ్డతో తీసేసి, తర్వాతే సబ్బు నీళ్ళు పెట్టాలి. మా అమ్మ వాటిని ముగ్గుతో తుడిచేది. మెత్తటి ముగ్గయితే నష్టం లేదు, సున్నపురాయి గాజు కన్నా మెత్తన. అందులో ఒక్క ఇసుక రవ్వ కలిసిందా, గీత పడ్డట్టే. ఇసుక గాజు కన్నా గట్టిది. బూడిదతో, ఇటుక పొడితో తోమేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వచ్చేస్తుంది.

ఇసుక అంటే ఒక లంక గ్రామం గ్లాసుల సంగతి చెప్పాలి. 1986 ఆగస్టు గోదావరి వరదలో భోషాణంతో సహా మునిగాయట. ఇల్లు విప్పేటప్పుడు వాళ్ళు నాకిచ్చారు. ఒండ్రు లోపల గట్టిగా అంటుకుని ఉంది. ఆ ఇంటి పెద్దావిడ, "పీచు పెట్టి గట్టిగా రుద్దమ్మా, అదే పోద్ది, ఆయ్," అన్నారు. రుద్దలేదు. మన ఒండ్రు చూడ్డానికి వెన్నలా ఉన్నా అందులో సన్నిసుక ఉంటుంది, రుద్దితే అదే గాజుని గీరుతుంది. టబ్బులో నానేసి, నీళ్ళు మారుస్తూ వదిలేశాను. మట్టి దానంతట అదే వీడి అడుగుకి దిగింది. మిగిలిన మరకని దూదితో అద్దాను. ఒక గ్లాసు అంచు చిట్లి ఉంది గానీ తక్కినవి ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి.

గోళీ సీసాల పద్ధతి వేరు. 1872లో హైరమ్ కాడ్ అనే లండన్ ఆయన పేటెంటు తీసుకున్న తీరే ఇప్పటికీ. గ్యాసు గోళీని పైకి నెట్టి, మూతిలోని రబ్బరు వాషరుకి అదిమి పెడుతుంది. ఆ వాషరు కిందే నల్లటి జిగురంతా చేరుతుంది. వెదురు పుల్లతో వాషరుని నెమ్మదిగా పైకి లాగాలి, ఇనప తీగ పెట్టొద్దు. లోపలి పాకుడుకి గుప్పెడు నూకలూ, కాస్త వెనిగరూ, కొంచెం నీళ్ళూ. పైకీ కిందికీ కుదిపితే గోళీ వెళ్ళి మెడకి కొట్టుకుంటుంది, అందుకని గుండ్రంగా తిప్పాలి. గోళీని బయటికి తీయాలని చూడకండి. మూతి తీర్చక ముందే దాన్ని లోపల వేస్తారు.

తెల్లటి పొర మీద నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి కాసేపు ఉంచితే, అది సున్నమైతే కరుగుతుంది. కరగకపోతే అది మురికి కాదు, గాజే చెడింది. గాజు చేసేది ఇసుక, సోడా, సున్నం కలిపి. సున్నం పాలు తక్కువైన గాజులోంచి గాలిలోని తేమ సోడాని పైకి లాగుతుంది. ముందు చెమటలా జిగట వస్తుంది, తర్వాత సన్నని పగుళ్ళు. దానికి మందు లేదు. మంచి నీళ్ళతో కడిగి, తుడిచి, గాలిలో తేమ 40 శాతం చుట్టుపక్కల ఉన్నచోట పెట్టమంటారు మ్యూజియం వాళ్ళు. వానాకాలంలో 80 దాటే ఊళ్ళో ఉండి ఆ మాట చదివితే నవ్వొస్తుంది. కొందరు వ్యాపారులు ఇలాంటి మసక గాజుకి నూనె రాసి అమ్ముతారు, తడి పొరలాగా నూనె ఆ మసకని కప్పేస్తుంది. నాకూ ఒకాయన అలాగే ఒక గిన్నె అంటగట్టబోయాడు. వేలితో రాస్తే కొబ్బరి నూనె వాసన! అక్కడే సబ్బు నీళ్ళు అడిగాను. ఆయన బేరం మానేశాడు.

బంగారు అంచు గ్లాసులకి వెనిగరూ వద్దు, నిమ్మ ఉప్పూ వద్దు, పీచు అసలే వద్దు. ఆ అంచు పలచటి పూత, తోమితే పోతుంది. వేళ్ళతో సబ్బు రాసి కడిగితే చాలు.

దాచేటప్పుడు చాలామంది పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి అటకెక్కిస్తారు. మా వైపు అది పనికిరాదు. పేపరు తేమ పీల్చుకుని గాజుని అంటిపెట్టుకుని కూర్చుంటుంది. అద్దాల బీరువాలో, ఒకదానికొకటి తగలకుండా, నిటారుగా పెట్టడం నయం. బోర్లిస్తే లోపలి తేమ బయటికి పోదు, బరువంతా పలచటి అంచు మీద పడుతుంది. వానాకాలంలో ఎండ కాసిన పూటల్లా తలుపులు తెరిచి పెడతాను.

ఇక ఆ నగిషీ సీసా. దాని మూత బిగుసుకుపోతే చుట్టూ నాలుగు చుక్కల నూనె వేసి రాత్రంతా వదిలేసి, మర్నాడు మెడకి గోరువెచ్చని గుడ్డ చుట్టి తిప్పితే వచ్చింది. మా పిన్ని దాని మీద కన్నేసింది, "ఉసిరికాయ పచ్చడి పెట్టుకుంటే ఎంత అందంగా ఉంటుందే!" అని. అంత బరువూ, మీటితే గంటలాంటి మోతా చూస్తే అది సీసం కలిపిన క్రిస్టల్. ఫుల్ లెడ్ క్రిస్టల్ అన్నదాంట్లో సీసం ఆక్సైడు కనీసం 30 శాతం ఉంటుంది. పులుపు పోసి నిలవ ఉంచితే ఆ సీసం అందులోకి దిగుతుంది. పిన్నికి ఇవన్నీ చెబితే, "నువ్వివ్వనని చెప్పడానికి ఇంత సైన్సెందుకే," అంది.