నొప్పికీ దిగులుకూ కలిపి వైద్యం

కీళ్లవాతం వచ్చిన తొలి ఏడాది నాకు బతకాలనిపించలేదు. కందుకూరులో నాలాగే వేళ్లు వంగక, రాత్రిళ్లు నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే ఆడవాళ్లను చూస్తున్నాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. పొద్దున్నే వేళ్లు కొయ్యబారి ఉండేవి. ఎండ ఎక్కితే గానీ సూదిలోకి దారం ఎక్కేది కాదు. హుక్కు కుట్టబోతే జారి కింద పడేది, వంగి తీద్దామంటే మోకాళ్లు సహకరించేవి కావు. చివరికి మిషను మీద గుడ్డ కప్పేశాను. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేది. ఇక ఒకటే ఆలోచన, నేను పోతే ఇంట్లోవాళ్లకు భారం తగ్గుతుందని. అప్పట్లో అది ఎంతో న్యాయంగా తోచేది. అలా తోచడం దిగులు జబ్బు లక్షణమేనని తర్వాత తెలిసింది.

ఒంగోలు నుంచి వచ్చిన మా అక్క నాకు జడ వేస్తూ సూటిగా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మడూ?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. నాకైతే గుండెల మీది బండ దించినట్టయింది. అవునన్నాను. అక్క తిట్టలేదు, ఒట్టు వేయించుకోలేదు. నెల్లూరు తీసుకెళ్లి కీళ్ల డాక్టరుకూ మానసిక వైద్యుడికీ చూపించింది.

రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే ఈ జబ్బు ఉన్నవారికి డిప్రెషన్ మామూలు కంటే ఎక్కువగా వస్తుందట. నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్రలేక దిగులు పెరుగుతుంది, దిగులు ఉన్నప్పుడు నొప్పి ఇంకా బాధిస్తుంది. అంతకుముందు ఒకచోట "వయసు మీద పడుతోంది, ఓర్చుకోవాలి" అని నొప్పి బిళ్లలిచ్చి పంపేశారు. ఆ మాటంటే ఇప్పటికీ నాకు కోపమే.

కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు, దిగులుకు రోజూ రాత్రి వేసుకునే మందు రాశారు. రెండూ పనిచేయడానికి వారాలు పట్టింది. అంతవరకూ మందులన్నీ అక్క దగ్గరే ఉంచమన్నారు, నన్ను ఒంటరిగా వదలవద్దన్నారు. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. ఉగాదికి పక్కింటి పాపకు గౌను కుట్టాను. నొప్పి పూర్తిగా పోలేదు, మందులు ఇంకా వాడుతున్నాను. పాత ఆలోచన తలెత్తితే ఆ పూటే అక్కకు చెబుతాను. అర్ధరాత్రయితే మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తాను. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళలోనైనా పలుకుతారు.