కోడిపిల్లలకి కంట్లో వేసే టీకా చుక్క ఎంత ముఖ్యమో దాణా కూడా అంతే

మా ఇంటి వెనక షెడ్డులో ఇరవై వనరాజా పిల్లలున్నాయి. ఇది రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతి. ఇవాళ్టికి 15 రోజులు, ఒక్కటి కూడా పోలేదు.

పోయినసారి పన్నెండింట్లో తొమ్మిది కొక్కెర తెగులుకే పోయినయ్. మెడలు మెలికలు తిరిగి, పచ్చగా పారుకుంటూ... పొద్దున షెడ్డు తలుపు తీయాలంటే చేతులు వణికేవి. టీకా వేశాను కదా అని ఎన్ని రోజులు బాధపడ్డానో, తర్వాత పశువుల డాక్టర్ని అడిగితే అర్థమైంది, మే నెల ఎండలో ఆ సీసాని ఉత్త కవర్లో పెట్టి బండి మీద తెచ్చాను, అది ప్రాణమున్న టీకా, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో లేకపోతే చచ్చిపోతుంది, అంటే నేను వేసింది ఉత్త నీళ్లే.

ఈసారి థర్మోకోల్ డబ్బా, ఐస్ తీసుకునే వెళ్లా. 7వ రోజు లసోటా, అంటే కొక్కెర తెగులు టీకా, కంట్లో ఒక్క చుక్క. అత్తమ్మ ఒక్కో పిల్లని అరచేతిలో పక్కకి పడుకోబెట్టి పట్టుకుంది, నేను వేశా. చుక్క పడ్డాక అది రెప్ప కొట్టి లోపలికి తీసుకునేదాకా వదలకూడదు, తొందరపడితే తల విదిలిస్తుంది, మందంతా నేలపాలు. కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి, సీసాలో వంద డోసులుంటాయి, అందుకే ముందురోజే గల్లీలో కోళ్లున్న ఇంకో ఇద్దరికి చెప్పి పెట్టుకున్నా.

నిన్న 14వ రోజు గంబోరో అనే ఇంకో రోగానికి టీకా, నీళ్లలో. నల్లా నీళ్లు వద్దు, క్లోరిన్ టీకాని చంపేస్తుంది. బోరు నీళ్లలో లీటరుకి 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, దానికి ముందు గంటన్నర తాగే నీళ్లు తీసేశా, దాహంతో అన్నీ ఒక్కసారే తాగాయి.

ఇక దాణా. అత్తమ్మ మాట ఒకటే: "నూకలేస్తే పెరగవా ఏంది, మా ఊళ్లో అట్లనే పెరిగినయ్." నిజమే, కానీ అక్కడ తల్లికోడి పెంటకుప్ప గీకి పురుగులు, చెదలు తినిపించేది అత్తమ్మా, ఇక్కడ సిమెంటు నేల మీద వాటికి మాంసకృత్తులు ఎక్కడ్నించి వస్తాయి? అవి లేకపోతే టీకా వేసినా ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి సరిగ్గా తయారవ్వదు. అందుకే సుమారు 20 శాతం ప్రోటీన్ ఉన్న చిక్ స్టార్టర్, అంటే పిల్లల దాణా, ఆరు వారాల దాకా అదే. ఒక షాపతను లేయర్ దాణానే (గుడ్లు పెట్టే కోళ్లది) ఉంది పెట్టేయండి అన్నాడు, అస్సలు వద్దు, గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం మూడు శాతం పైనే ఉంటుంది, పిల్లకి ఒక శాతం చాలు, ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి. రక్తపారుడు రాకుండా మందు కలిపిన దాణా అయితే లసోటా, గంబోరోలకి అడ్డం రాదు, రక్తపారుడుకే టీకా వేయిస్తే మాత్రం అది పెట్టకూడదు.

బస్తా విప్పగానే గుప్పెడు తీసి వాసన చూడండి. మక్కల్లో బూజు విషం ఉంటే టీకా వేసినా సరిగ్గా పట్టదు. మొన్న నాకొచ్చిన బస్తా అడుగున గడ్డ కట్టి ముక్కిపోయిన వాసనొస్తే మొత్తం వాపస్ ఇచ్చేశా.

28వ రోజు మళ్లీ లసోటా. ఆ రోజు ఐస్ తాను తెస్తానని పక్కింటక్క ఇప్పుడే చెప్పి వెళ్లింది.