పండుగనాడు మరొకరి బల్ల దగ్గర

లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపుతూ సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు అని చెప్పి, తమను చేర్చుకున్నవారి ఇంటిలోనే ఉండమని, "మీ ముందర పెట్టినవి తినుడి" అని ఆజ్ఞాపించాడు. ఆహారం విషయంలో పట్టింపులు పెట్టుకోవద్దన్న హెచ్చరికగా దీన్ని చదివి మనం ముందుకు వెళ్లిపోతుంటాం. అయితే సువార్త సేవకు పరదేశం వెళ్లిన యువతీయువకులు అక్కడ గడిపే మొదటి క్రిస్మస్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ వాక్యమే మనసులో మెదులుతుంది. ఇవ్వడానికి బయలుదేరినవారికి పుచ్చుకోవడం నేర్పే ఆజ్ఞ ఇది.

వారి వయసు ఎంత చిన్నదో ముందు గమనించాలి. మోర్మన్ సంఘంగా పేరుపడ్డ కడవరి దిన పరిశుద్ధుల సంఘం 2012లో మిషనరీ సేవకు కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించింది. అంటే అంతవరకూ ఒక్క పండుగ కూడా తల్లిదండ్రులు లేకుండా చేసుకోని పిల్లలు, తాము ఎంచుకోని సహచరునితో, ఇంకా నోరు తిరగని భాష మధ్య, అద్దెగదిలో క్రిస్మస్ ఉదయాన నిద్ర లేస్తారు. 2019 ఫిబ్రవరిలో వారానికొకసారి ఇంటివారితో మాట్లాడుకునే వీలు కల్పించేవరకూ, ఆ సంఘపు మిషనరీలు ఏడాదికి రెండే సందర్భాల్లో ఇంటికి ఫోను చేసుకునేవారు: ఒకటి క్రిస్మస్, రెండోది మాతృదినోత్సవం. ఆ ఒక్క ఫోను కోసం ఇంటిల్లిపాదీ ఎలా కాచుకుని ఉండేవారో తల్లిదండ్రులైనవారికి వేరే చెప్పనక్కరలేదు.

వెళ్లిన చోట అసలు ఆ రోజు పండుగే కాకపోవచ్చు. సెర్బియా, జార్జియా వంటి దేశాల్లోని ఆర్థడాక్స్ సంఘాలు జూలియన్ అనే పాత పంచాంగాన్ని పాటిస్తాయి గనుక అక్కడ క్రీస్తు జన్మదినం జనవరి 7న వస్తుంది. జపానులో డిసెంబరు 25 సెలవు దినం కాదు. భూమధ్యరేఖకు దిగువనున్న దేశాల్లో అది నడివేసవి. చుట్టూ ఉన్నవారందరూ పనులకు పరుగులు పెడుతుంటే, తన గుండెలో మాత్రమే పండుగ జరుగుతున్నదన్న ఒంటరితనం యౌవనంలో చిన్న భారం కాదు. ఇంటి మీద బెంగ విశ్వాసలోపమని ఆ పిల్లలకు ఎవరైనా చెబితే అది అన్యాయం. తమను ప్రేమించినవారిని తలచుకుని కంటతడి పెట్టడాన్ని ప్రభువు ఎన్నడూ తప్పుపట్టలేదు.

అటువంటి రోజున సంఘంలోని ఒక కుటుంబం ఆ ఇద్దరు సహచరులనూ భోజనానికి పిలుస్తుంది. వారికోసం పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెస్తారు. వాటిలో ఒకటి ఎత్తు తక్కువై, దానిలో కూర్చున్నవాడి మోచేతులు బల్ల అంచుకు అందీ అందకుండా ఉంటాయి. ఆ ఇంటి పెద్దావిడ వాడి పళ్లెంలో మంచి ముక్క ఏరి వేస్తుంది. వాడు చాలని చెప్పబోయి, ఆ మాట వారి భాషలో తెలియక చేయి అడ్డు పెడితే, ఆమె నవ్వి ఆ చేతిని పక్కకు జరిపి మళ్లీ వడ్డిస్తుంది. భోజనం తరువాత అందరూ పాడతారు. రాగం చిన్ననాటి నుంచి ఎరిగినదే, మాటలే కొత్తవి. నిన్నటివరకూ వారికి వాక్యం బోధించినవాడు ఈ రోజు ఏమీ బోధించలేడు. పెట్టినది తిని, కృతజ్ఞతతో కూర్చోవడమే వాడి సేవ. ఇది బోధించడం కన్నా కష్టమైన సేవ అని నా నమ్మకం. ఇచ్చేవానికి ఒక ఎత్తు ఉంటుంది. పుచ్చుకునేవాడు ఆ ఎత్తు దిగి రావాలి.

మిషనరీ చరిత్ర తొలి పుటల్లోనే ఇది కనిపిస్తుంది. జర్మనీలోని హెర్న్‌హుట్ నుంచి మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం పంపిన మొదటి మిషనరీలు లియొనార్డ్ డోబర్, డేవిడ్ నిచ్మన్ 1732 డిసెంబరు 13న, అప్పట్లో డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న సెయింట్ థామస్ ద్వీపంలో ఓడ దిగారు. డోబర్‌కు అప్పుడు 26 ఏళ్లు. మరో పన్నెండు రోజులకే క్రిస్మస్. అక్కడి బానిసలకు సువార్త చెప్పాలని వచ్చిన వారికి మొదట దొరికిన ప్రవేశం తమ వాక్చాతుర్యం వల్ల కాదు; కోపెన్‌హాగెన్‌లో ఉన్న ఆంటన్ అనే ఆఫ్రికా సంతతి విశ్వాసి ఆ ద్వీపంలో బానిసగా ఉన్న తన అక్కచెల్లెలికి రాసిచ్చిన ఉత్తరం వల్ల. కుమ్మరివాడైన డోబర్‌కు అక్కడ తన చేతిపని సాగలేదు. వడ్రంగి అయిన నిచ్మన్ సంపాదన మీదే ఇద్దరూ బతికారు. సర్వస్వం ఇచ్చివేయాలని వచ్చిన యువకుడు ముందు తోటివాని అన్నం తినవలసి వచ్చింది.

ప్రభువు మాత్రం ఈ లోకానికి ఎలా వచ్చాడు? "సత్రములో వారికి స్థలము లేనందున" అని లూకా రాశాడు. ఆయన పుట్టిన రాత్రి మరియ, యోసేపులు తమ నజరేతులో లేరు. ప్రజాసంఖ్య కోసం వచ్చిన బాటసారులుగా ఉన్నారు. మొదటి క్రిస్మస్ ఇంట్లో జరగలేదు. ఇవ్వడానికే వచ్చిన కుమారుడు ముందుగా పుచ్చుకున్నాడు: తల్లి పాలు, పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి, తూర్పు దేశపు జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము. హేరోదుకు దూరంగా ఐగుప్తుకు తీసుకుపోయిన తరువాత పరదేశి నేల మీదే ఆయన పసితనం కొంత గడిచింది. తన పళ్లెంలోకి వచ్చిన ముక్కను చేయి అడ్డుపెట్టక స్వీకరించే యువ మిషనరీ, తెలిసో తెలియకో ఆ శిశువు పక్కనే కూర్చున్నాడు.

అంతేకాదు, "మిమ్మును చేర్చుకొనువాడు నన్ను చేర్చుకొనును" అని ప్రభువే అన్నాడు. కాబట్టి పెట్టినదాన్ని మొహమాటంతో వద్దనడం ఆ పెద్దావిడ కోసం ఉంచిన దీవెనకు అడ్డుపడటమే అవుతుంది. అతిథి వినయం ఆతిథ్యమిచ్చినవారికి మేలు చేస్తుంది.

ఎవరూ భోజనానికి పిలవని మిషనరీలూ ఉంటారు. ఇద్దరే గదిలో ఉండి, ఇద్దరికీ బెంగగా ఉన్న రోజు, ఒకడు వండి మరొకడికి వడ్డించినా ఆ వాక్యం నెరవేరుతుంది. ఆ రోజు సహచరుని మాటతీరు, అలవాట్లు నచ్చకపోయినా, వాడు పెట్టినది తినాలి.

ఇక ఇంటి దగ్గర ఫోను కోసం కూర్చున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటుంది. పండుగనాడు ఏం తిన్నావని అడిగినప్పుడు, ఎవరు పెట్టారని కూడా అడగండి. పెట్టినవారి పేర్లు పలకడం కష్టమైతే మళ్లీ చెప్పించుకుని రాసుకోండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ బిడ్డ పేరుతో పాటు ఆ ఇంటివారందరి పేర్లూ దేవుని సన్నిధిలో చదవండి.