పాత డెస్క్‌టాప్ హోరు తగ్గించిన వైనం

మా డెస్క్‌టాప్ పాతదే అయినా చేసే పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇబ్బందల్లా దాని చప్పుడుతోనే. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, హోరుమని లేచేది. దానికి తోడు పొద్దున్నే ఆన్ చేసినప్పుడు ఓ గరగర. కాసేపు నడిచి వేడెక్కాక అది దానంతటదే సర్దుకునేది. చాలామంది ఇక్కడే కొత్త ఫ్యాన్ కొనేస్తారు. నేను ముందు ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకుందామనుకున్నాను.

పక్క మూత తీసి, ఆన్ చేసి విన్నాను. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొన చెవి దగ్గర, రెండో కొన ఒక్కో ఫ్యాన్ దగ్గర పెడితే తేడా బాగా తెలుస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ఫ్యాన్ నడిమి భాగాన్ని, రెక్కల్ని కాదు, వేలితో మెల్లగా అదిమి రెండు సెకన్లు ఆపి చూడొచ్చు. అలా తేలిందేమిటంటే హోరు ప్రాసెసర్ ఫ్యాన్‌ది, గరగర క్యాబినెట్ వెనక ఉన్న ఫ్యాన్‌ది. వీటికి తోడు జుయ్యిమనే మోత ఇంకోటి ఉండేది. మూత తీయగానే అది ఆగిపోయింది, అంటే రేకు అదురుతోందన్నమాట. మూత అంచుకి సన్నటి ఫోమ్ టేపు అంటించి, ఊడిపోయిన స్క్రూ కూడా పెట్టి బిగిస్తే దాని పీడ వదిలింది.

హోరు సంగతి వేరు. అక్కడ ఫ్యాన్‌లో దోషం లేదు, ప్రాసెసర్ వేడెక్కుతుంటే అది పరిగెడుతోంది అంతే. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాత ఫ్యాన్ విప్పాను. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపించింది కానీ, ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె అయిన హీట్‌సింక్ రేకులకీ మధ్య దుమ్ము మందంగా పేరుకుని గాలి దారి మూసేసింది. బ్రష్‌తో, ఎయిర్ బ్లోయర్‌తో దులిపాను. బ్లోయర్ కొట్టేటప్పుడు మిగతా ఫ్యాన్లను వేలితో ఆపి ఉంచాలి. లేకపోతే అవి అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

అంత విప్పాక, ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కి వేడి చేరడానికి ఆ రెంటి మధ్య రాసే థర్మల్ పేస్ట్ కూడా మార్చేశాను. పాతది ఎండి పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కందిగింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టి హీట్‌సింక్ బిగించాను. హీట్‌సింక్ తీసేటప్పుడు నేరుగా పైకి లాగకుండా అటూ ఇటూ కొంచెం తిప్పి తీయడం మంచిది. పేస్ట్ గట్టిగా పట్టుకుని ఉంటే కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. ఇదంతా అయ్యాక బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెరలో, చూస్తే నిమిషానికి 2,000 చుట్లు దాటి తిరిగే ఫ్యాన్ 1,300 దగ్గర నిలబడింది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే ఆ కొద్ది తేడా కూడా చెవికి చాలా పెద్దగా తెలిసింది.

వెనక ఫ్యాన్‌కి మాత్రం నిజంగానే జబ్బు. ఇరుసు నూనె పట్టించిన చిన్న గొట్టంలో తిరిగే స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లలో ఆ నూనె ఎండిపోతే ఇలాగే గరగరలాడతాయి. స్టిక్కర్ పైకి లేపి, కింద ఉన్న రబ్బరు మూత తీసి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాను. తుప్పు వదిలించే స్ప్రేలు దీనికి పనికిరావు. అవి త్వరగా ఆరిపోతాయి, ఉన్న కాస్త జిడ్డునీ కడిగేస్తాయి. నూనె వేశాక కొన్నాళ్లు హాయిగా తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. అరిగిన బేరింగ్‌కి నూనె తాత్కాలిక ఉపశమనమే, అక్కడ కొత్త ఫ్యాన్ తప్పదు.

కొనేటప్పుడు సైజు దగ్గర తికమక పడొచ్చు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ అంటే చట్రం అంచు నుంచి అంచుకి ఆ కొలత. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లే. ఫ్యాన్ వైరు కనెక్టర్‌కి ఎన్ని పిన్నులో కూడా చూసుకోవాలి. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల కనెక్టర్‌లో చక్కగా దూరుతుంది, కానీ మదర్‌బోర్డు వోల్టేజీ తగ్గించి నడపలేకపోతే అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. నేను నాలుగు పిన్నులది తీసుకుని, ఇనుప స్క్రూల బదులు రబ్బరు పిన్నులతో తగిలించాను. ఫ్యాన్‌లో స్టిక్కర్ ఉన్న వైపుకే గాలి పోతుంది కాబట్టి ఆ వైపు బయటికి ఉండేలా పెట్టాను.

చివరిగా బయాస్‌లో ఫ్యాన్ సెట్టింగు. ఫ్యాన్ సమంగా తిరిగితే చెవి అలవాటు పడిపోతుంది, క్షణానికోసారి లేచి పడుతుంటేనే చిరాకు. 55 డిగ్రీల దాకా ఒకే నెమ్మది వేగం, ఆపైన మెల్లగా పెరిగేలా పెట్టాను. నెమ్మది ఫ్యాన్ వేగం చూసి కొన్ని బోర్డులు ఫ్యాన్ ఆగిపోయిందనుకుని బూట్ అవ్వకుండా హెచ్చరిక చూపిస్తాయి. మా బోర్డూ అదే పని చేసింది. హెచ్చరికకి పెట్టిన కనీస వేగాన్ని తగ్గిస్తే ఊరుకుంది. వీడియో కన్వర్షన్ పెట్టి వదిలేసినా ఉష్ణోగ్రత 70 లోపే ఉంటోంది.

ఇప్పుడు మిగిలింది పవర్ సప్లై ఫ్యాన్ సన్నటి మోత ఒక్కటే. దాని డబ్బా విప్పే ఉద్దేశం నాకు లేదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది. మోత పెరిగితే యూనిట్ మొత్తం మార్చేస్తాను.