ఎక్కడం సరే, దిగేదెలా? లిగూరియా తీరంలో నా సైకిల్ అనుభవం

నేను సైకిల్ నేర్చుకున్నది తెనాలిలో. అక్కడ ఎత్తు అంటే కాలవ మీద వంతెన, అంతే. ఉద్యోగం మీద ఇటలీలోని మిలానో (మిలన్) వచ్చాక కూడా తేడా లేదు, ఊరి చుట్టూ పో నది మైదానమే. ఇక్కడి ఆఫీసువాళ్లతో కలిసి ఆదివారాలు రోడ్ సైకిల్ తొక్కడం మొదలుపెడితే అందరూ అడిగేది ఒకటే, కొండ ఎక్కగలవా అని. ఎక్కడం గురించి నాకు టెన్షన్ లేదు. ఊపిరి ఉన్నంతసేపు తొక్కుతాం, అయిపోతే ఆగుతాం. ఎవరూ ఏమీ అనరు. దిగడమే నాకు భయం. వేగం గంటకు నలభై దాటుతుంది, ముందున్న మలుపు ఎంత వంకర తిరుగుతుందో కనిపించదు, పక్కన మోకాలెత్తు గోడ, దాని కింద సముద్రం.

ఆ భయం వదిలించుకోవడానికి లిగూరియా తీరం ఎంచుకున్నాను. అందులోనూ జెనోవాకు పడమరగా ఫ్రాన్స్ సరిహద్దు దాకా సాగే భాగం. కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, రెండు కొండల మధ్య దొరికినంత చోటులో ఒక ఊరు. పాత ఔరేలియా రోడ్డు ఈ ఊళ్లన్నిటినీ కలుపుతూ పోతుంది. ఊరికీ ఊరికీ మధ్య కొండ ముక్కు ఒకటి సముద్రంలోకి పొడుచుకొస్తుంది. దాన్ని ‘కాపో’ అంటారు. రోడ్డు దాన్ని ఎక్కి అవతల దిగాలి. మ్యాప్‌లో చూస్తే తీరం వెంట చదునైన రోడ్డే కదా అనిపిస్తుంది కానీ చదును తక్కువే.

సైకిల్ రేసులు చూసేవాళ్లకు ఈ దారి తెలిసే ఉంటుంది. 1907లో మొదలైన మిలానో–సాన్‌రెమో రేసు చివరి భాగం ఇదే. ఏటా మార్చిలో, దాదాపు 300 కిలోమీటర్లు ఒక్క రోజులో తొక్కేస్తారు. బెల్జియం రేసుగాడు ఎడ్డీ మెర్క్స్ దీన్ని ఏడుసార్లు గెలిచాడు. మాకు ఆ 300తో పనిలేదు. అలాస్సియో నుంచి సాన్‌రెమో దాకా, ఇంచుమించు చివరి 50 కిలోమీటర్లు చాలనుకున్నాం. వరసగా ఐదు ఎక్కుళ్లు, ఐదు దిగుళ్లు, చిన్నవాటితో మొదలై పెద్దవాటి దాకా. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి వరస దొరకదు.

మేమంటే నేనూ, వైజాగ్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక కుర్రాడూ. "కైలాసగిరి రోడ్డు మీద పెరిగినవాణ్ణన్నా, నాకేం చెప్పక్కర్లేదు" అన్నాడు. సరే తమ్ముడూ అన్నాను.

అసలు పాఠం మాత్రం మిలానోలోనే అయింది. ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక పెద్దాయన, కుర్రతనంలో రేసులు తొక్కినవాడు, కాఫీ మెషీన్ దగ్గర నిలబెట్టి చెప్పాడు. మలుపులోకి దిగాక బ్రేకు వేయకు, మలుపు రాకముందే వేసేసి వదిలెయ్. కుడికి తిరుగుతుంటే ఎడమ పెడల్ కిందికి ఉంచి బరువంతా దాని మీద వెయ్. చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టు, పైన పెడితే బ్రేకు గట్టిగా అందదు. కళ్లు ముందు చక్రం మీద కాదు, మలుపు ఎక్కడ అయిపోతుందో అక్కడ ఉండాలి, సైకిల్ నువ్వు చూసిన చోటికే పోతుంది. గోడను చూస్తే గోడకే పోతావు! ఈ చివరి మాట వినడానికి బాగుంటుంది. లోయ పక్కన కళ్లు గోడ మీదికి పోకుండా పట్టుకోవడం ఎంత కష్టమో తొక్కితే తెలుస్తుంది.

సైకిళ్లు అలాస్సియోలో అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ మనవాళ్లు తప్పక చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన దగ్గర కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. ఆ షాపు సైకిళ్లకు ముందు బ్రేకు ఎడమ చేతిలో ఉంది. మార్చి ఇమ్మని అడగొచ్చు కానీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే అదంత చిన్న పని కాదు. మేం అలవాటు చేసుకోవడానికే నిశ్చయించుకుని, సముద్రపు ఒడ్డున ఖాళీ పార్కింగ్ స్థలంలో గుండ్రంగా తిరుగుతూ ఒక్కో చేత్తో విడివిడిగా బ్రేకు వేసి చూశాం. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, బ్రేకు పడగానే బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి. దాన్ని చూసి భయపడి వెనకది ఒక్కటే నొక్కుకుంటూ కొండ దిగితే సైకిల్ ఆగదు, వెనక చక్రం జారుతుంది.

రూల్స్ కూడా కొన్ని. ఊళ్లు దాటాక పక్కపక్కన తొక్కకూడదు, ఒకరి వెనక ఒకరే పోవాలి. సొరంగాల్లోనూ, ఊరి బయట పొద్దుగూకాక మెరిసే చొక్కా తప్పనిసరి. హెల్మెట్ చట్టం అడగదు. అయినా పెట్టుకోని వాళ్లు ఎవరూ కనిపించలేదు.

లైగ్వేలియా ఊరు దాటగానే కాపో మేలె. ఎక్కుడు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, కూర్చునే తొక్కేయొచ్చు. దిగేటప్పుడు మలుపులు పెద్దవి, దూరం నుంచే కనిపిస్తాయి. పెద్దాయన చెప్పినవన్నీ ఒకేసారి చేయడం నా వల్ల కాదని అక్కడే అర్థమైంది. కాపో మేలె మీద పెడల్ ఒక్కటే పట్టించుకున్నాను. తర్వాత వచ్చే కాపో చెర్వో ఇంకా సులువు, అక్కడ మలుపుకు ముందే బ్రేకు వదిలేయడం. ఒక్కో కొండకు ఒక్కో పాఠం పెట్టుకోవడంతో బుర్ర తేలికైంది.

చెర్వో ఊళ్లో ఆగాం. పగడాల వేటకు పోయే జాలరుల డబ్బుతో కట్టారని చెప్పే చర్చి ఒకటి కొండ మీద సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంటుంది. సైకిల్ బూట్లతో ఆ రాళ్ల మెట్లు ఎక్కడం కన్నా కాపోలు ఎక్కడమే నయం. పంపు దగ్గర నీళ్లు పట్టుకుని బయల్దేరాం. ఈ తీరంలో చాలా ఊళ్లలో వీధి పంపు ఉంటుంది, నీళ్లు కొనక్కర్లేదు. తిండి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మధ్యాహ్నం చాలా షాపులు మూసేస్తారు, పన్నెండు దాటకముందే ఫొకాచ్చా (ఇక్కడి రొట్టె) ముక్క కొని జేబులో వేసుకోవాలి.

కాపో బెర్తా దగ్గర కథ మారింది. డియానో మరీనా దాటాక ఇదీ రెండు కిలోమీటర్లలోపే, కానీ నిటారు. మా వైజాగ్ వీరుడు ఎక్కుడులో నన్ను వదిలేసి పోయాడు. దిగుట్లో ఒనేలియా వైపు నేనే ముందు చేరాను. "నువ్వు బ్రేకు వేయట్లేదేంటన్నా?" అన్నాడు రొప్పుతూ. వేస్తున్నాను, మలుపుకు ముందు. వాడు మాత్రం కొండంతా బ్రేకు పట్టుకునే దిగాడు, వేళ్లు నొప్పెట్టి విదిలించుకుంటున్నాడు.

ఒనేలియా, పోర్తో మౌరిత్సియో ఒకప్పుడు వేర్వేరు ఊళ్లు, 1923లో కలిపి ఇంపీరియా అని పేరు పెట్టారు. ట్రాఫిక్, సిగ్నళ్లు, స్కూటర్లు. త్వరగా దాటేయడమే మంచిది. సాన్ లొరెంజో దగ్గర రెండు దారులు. ఎడమన సముద్రం పక్కనే సైకిల్ బాట ఉంది. 2001లో రైలు మార్గాన్ని కొండ లోపలికి మార్చాక, పాత పట్టాలు తీసేసి వేసిన బాట అది. ఓస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్లు చదునుగా పోతుంది. పిల్లలతో వచ్చేవాళ్లకు దానికి మించింది లేదు. మేం కుడికి, చిప్రెస్సా వైపు తిరిగాం.

చిప్రెస్సా 5.6 కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 4 శాతం పైచిలుకు. 1982లో రేసులో చేర్చారు. రోడ్డుకు రెండు పక్కలా మెట్లు మెట్లుగా ఆలివ్ తోటలు, రాలిన కాయలు పట్టడానికి చెట్ల కింద పరిచిన వలలు. ఇక్కడి తజ్జాస్కా రకం కాయ చిన్నది, నూనెకు పేరు. పైన చిప్రెస్సా ఊళ్లో ఆగి గాలి ఆడని పల్చటి జాకెట్ వేసుకున్నాం. చెమటతో దిగితే పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి, కొంకర్లు పోయిన వేళ్లతో బ్రేకు పట్టలేం. పాతకాలం రేసుగాళ్లు కొండ మీద న్యూస్‌పేపరు చొక్కాలో దోపుకునేది ఇందుకే.

ఆ దిగుడు ఇరుకు, మలుపులు వెంటవెంటనే వస్తాయి, తోటల నీడలో రోడ్డు కొన్నిచోట్ల తడిగా ఉంది. తడి మీదా తెల్ల గీతల మీదా సైకిల్ వంచకూడదు. అక్కడ నేను నెమ్మదిగానే దిగాను, దాని గురించి నాకు ఏ బాధా లేదు.

చివరిది పొజ్జో. అందరూ చివరిదాకా ఒకే గుంపుగా వచ్చేస్తున్నారు, రేసు మరీ సులువైపోయిందని 1960లో దీన్ని చేర్చారు. 3.7 కిలోమీటర్లు, సగటు వాలు 4 శాతం లోపే, పైకి చేరే ముందు ఒకచోట 8 శాతం. అంకెల్లో ఏమీ లేదు. రోడ్డు పూల పెంపకం గ్లాస్‌హౌస్‌ల మధ్య నుంచి పోతుంది, సముద్రం కన్నా గాజు పలకలే ఎక్కువ కనిపిస్తాయి. ఇంత పేరున్న కొండ ఇంత మామూలుగా ఉందేమిటి అనిపించింది. కానీ ఈ రేసు చాలాసార్లు తేలింది అవతలి దిగుట్లోనే. 1992లో ముందు పోతున్న ఇటలీ రేసుగాడు మొరేనో అర్జెంతీన్‌ని ఐర్లండ్ రేసుగాడు షాన్ కెల్లీ ఈ దిగుట్లో పట్టుకుని చివరి పరుగులో ఓడించాడు. 2022లో స్లొవేనియా రేసుగాడు మొహొరిచ్ దిగేటప్పుడు సీటు కిందికి దిగిపోయే ఏర్పాటు చేసుకుని వచ్చి, అందరినీ వెనక వదిలి గెలిచాడు. ఇంట్లో కూర్చుని ఆ వీడియో చూస్తే పిచ్చి ధైర్యం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ప్రతి మలుపుకు ముందు అతని వేళ్లు ఎక్కడున్నాయో కనిపిస్తోంది.

నా దిగుడు మామూలుదే. సాన్‌రెమో కప్పులు కింద కనబడుతుంటే కళ్లను మలుపు చివరనే ఉంచగలిగాను, అది చాలు. వీయా రోమా మీద ఫినిష్ ఎక్కడని తమ్ముడు వెతికాడు. మార్చిలో ఒక్క రోజు తప్ప అది బట్టల షాపులు, బస్సులు ఉన్న వీధి.

ఫరినాతా దొరికితే తినండి. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి ఓవెన్‌లో కాలుస్తారు, మన మినపరొట్టెలాగే అంచు కరకర, లోపల మెత్తన. సాన్‌రెమో స్టేషను భూమి లోపల ఉంటుంది, ప్లాట్‌ఫారం దాకా పొడవాటి సొరంగం నడవాలి, రైలుకు అరగంట ముందే చేరుకోండి. సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి, సైకిల్ బొమ్మ ఉన్న బోగీలోనే ఎక్కాలి.

ఒక్క మార్పు చెప్తాను. పడమరకు తొక్కితే రోడ్డు కుడి పక్కన ఉంటాం, అంటే కొండ వైపు. భయం ఉన్నవాళ్లకు అది మేలు. సముద్రం కోసమే వచ్చేవాళ్లు వెంటిమీలియా దాకా రైల్లో పోయి తూర్పుకు తొక్కండి, అప్పుడు సముద్రం మీ లేన్ పక్కనే ఉంటుంది. మేం వచ్చే వసంతంలో అలాగే అనుకుంటున్నాం. తమ్ముడు ఈసారి ముందు బ్రేకు మీద పాఠం కావాలని ఇప్పుడే అడిగి పెట్టుకున్నాడు.